ఉదయం వెలుగుతోంది, మధ్యాహ్నానికి ఆరిపోతోంది: టైరు గాలి లైటుతో ఇబ్బంది

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం
మంగళవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. బండి 2018 మోడల్, పెట్రోలు. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. డ్యాష్‌బోర్డు మీద గుర్రపు నాడా ఆకారంలో, మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తుతో పసుపు లైటు ఒకటి ఉంటుంది కదా, పది రోజుల నుంచి అదే గొడవ. ఉదయం ఆరింటికి మా ఆవిడను ఆమదాలవలస స్టేషన్‌లో దింపడానికి బండి తీస్తే వెలిగి ఉంటుంది. మధ్యాహ్నం ఆఫీసు నుంచి బయలుదేరేసరికి ఉండదు. బంకులో నాలుగు టైర్లకూ 33 పాయింట్ల (పీఎస్‌ఐ) గాలి కొట్టించాను. మూడు రోజులు బాగానే ఉంది, మళ్లీ మొదలు.

నిన్నటి నుంచి ఇంకో తంటా. బండి తీసిన కాసేపటికి లైటు ఒక నిమిషం పాటు ఆరుతూ వెలుగుతూ ఉండి, ఆ తర్వాత నిలకడగా వెలిగిపోతోంది. ఇప్పుడు మధ్యాహ్నం కూడా ఆరడం లేదు. ఏ టైరులో ఎంత గాలి ఉందో నా బండిలో అంకెలు కనిపించవు, లైటు ఒక్కటే.

సర్వీసు సెంటర్‌లో చూపిస్తే టైర్ల లోపల గాలి కొలిచే నాలుగు సెన్సర్లూ పోయాయి, మొత్తం మార్చాలి, 18 వేలు అన్నారు. ఒక్క టైరు కూడా ముట్టుకోకుండానే చెప్పేశారు. శుక్రవారం అమ్మను విశాఖ కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. హైవే మీద సుమారు వంద కిలోమీటర్లు. చాలా టెన్షన్‌గా ఉంది. నాలుగూ ఒకేసారి ఎలా పోతాయండి?

గంటస్తంభం, విజయనగరం
మంగళవారం, రాత్రి 9:32

ఇప్పుడు చలికాలం కదండీ. చల్లబడితే గాలి ముడుచుకుంటుంది. అందరికీ ఇదే. ఇంకో రెండు పాయింట్లు ఎక్కువ కొట్టించి వదిలేయండి.

చీపురుపల్లి రోడ్డు
మంగళవారం, రాత్రి 9:41

నేనైతే ఆ లైటు వైరు తీయించేస్తాను. మన నాన్నల కాలంలో ఇవన్నీ ఎక్కడివి? బండి దిగి టైరు చూసుకుంటే తెలిసిపోతుంది.

సాలూరు లారీ
మంగళవారం, రాత్రి 10:15

చీపురుపల్లి తమ్ముడూ, మాది మూడు తరాలుగా లారీల ఇల్లు, అందుకే చెబుతున్నాను, ఆ పని చేయొద్దు. లారీ ఆగిన ప్రతిచోటా క్లీనరు దిగి రాడ్డుతో టైరు మీద కొట్టి చప్పుడు వింటాడు. గాలి నిండుగా ఉంటే ఖంగుమని వెనక్కి ఎగురుతుంది, దిగిపోతే మొద్దుగా పలుకుతుంది. నేనూ చిన్నప్పుడు కొట్టినవాణ్ణే. కానీ ఆ చెవికి తెలిసేది బాగా దిగిన టైరే. అయిదారు పాయింట్లు తగ్గితే చప్పుడులో తేడా రాదు. కార్లకు ఇప్పుడు వచ్చే రేడియల్ టైర్లయితే కంటికి అసలే దొరకవు. 33 ఉన్నా, 26 ఉన్నా కింద పక్కగోడ కాస్త ఉబ్బినట్టే కనిపిస్తుంది.

మా తమ్ముడి కారు బొబ్బిలి దాటాక వెనక టైరు పగిలింది. మేకు లేదు, రాయి లేదు. గాలి తక్కువతో గంటసేపు వేగంగా నడిపాడు. తక్కువ గాలితో తిరిగే టైరు పక్కగోడ చుట్టు చుట్టుకీ మడత పడి లేస్తుంది, ఆ మడతలో వేడి పుడుతుంది, లోపలి పొరలు విడిపోతాయి. తర్వాత టైరు విప్పి చూస్తే లోపలంతా నల్లటి రబ్బరు పొడి, అరచెయ్యి పెడితే మసిలా అంటుకుంది. పిల్లలు బండిలోనే ఉన్నారు. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ బండిలో ఈ లైటు లేదు.

నాగావళి బాబూ, లైటుకు కారణం దొరికేదాకా వెతుకు.

చీపురుపల్లి రోడ్డు
మంగళవారం, రాత్రి 10:22

సరే అన్నా, ఆ కోణంలో ఆలోచించలేదు.

కొండవాలు, శృంగవరపుకోట
మంగళవారం, రాత్రి 11:05

గంటస్తంభం గారు చలి అన్నారు. సగమే నిజం. కాస్త లెక్క వేద్దాం. కారు టైరులో గాలి సుమారు 6 డిగ్రీల వేడి తగ్గితే 1 పాయింటు తగ్గుతుంది. శ్రీకాకుళంలో ఇప్పుడు తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మహా అయితే 12 డిగ్రీల తేడా. అంటే 2 పాయింట్లు. 33 కాస్తా 31 అవుతుంది, అంతే. ఈ లైటు చాలా బళ్లలో చెప్పిన గాలి కంటే 20 నుంచి 25 శాతం తగ్గితేనే వెలుగుతుంది. అమెరికా చట్టంలోనైతే 25 శాతం అని రాసే ఉంది, అక్కడ 2007 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. 33లో 25 శాతం పోతే సుమారు 25. కాబట్టి చలి ఒక్కటే ఆ లైటును వెలిగించలేదు. ఒక టైరు ముందే 27 దగ్గరికి దిగి ఉండాలి, ఉదయం చలి దాన్ని లైటు వెలిగే గీత దాటించాలి. మధ్యాహ్నం ఎండకూ, నడిచిన వేడికీ మళ్లీ గీత పైకి వస్తుంది, లైటు ఆరిపోతుంది.

అంటే మీ నాలుగు టైర్లలో ఒకటి గాలి వదిలేస్తోంది. ఇది మొదటి సమస్య.

రెండోది, ఆ ఆరడం వెలగడం. అది గాలి గురించి చెప్పడం కాదు. నిలకడగా వెలిగితే గాలి తక్కువ. ఒక నిమిషం, నిమిషంన్నర మిణుకు మిణుకుమని తర్వాత నిలిచిపోతే, సెన్సరు మాట వినిపించడం లేదని. జాగ్రత్తగా చూడండి: అలా నిలిచిపోయిన లైటు ఇక గాలి గురించి మీకు ఏమీ చెప్పదు. గాలి దిగినా అదే లైటు, దిగకపోయినా అదే లైటు. శుక్రవారం లోపు గాలి కొలిచే చేతి గేజీ కొనుక్కోండి. చిన్న వస్తువు, డ్యాష్‌బోర్డు సొరుగులో పడి ఉంటుంది.

ఒక ప్రశ్న. ఈ మధ్య ఏ టైరైనా రిమ్ము నుంచి విప్పారా?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం
బుధవారం, ఉదయం 6:50

కొండవాలు గారూ, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, సంబంధం ఉంటుందని అనుకోలేదు. ఆదివారం సాయంత్రం రణస్థలం దగ్గర ముందు కుడి టైరు పంచరైంది. రోడ్డు పక్కన షాపులో వేయించాను. సోమవారం నుంచే ఈ మిణుకు. పంచర్ వేసిన కుర్రాడు టైరు విప్పుతూ "ఏటి బాబూ, ఈ నాజిల్ కింద ఏదో పెట్టె ఉన్నాది" అన్నాడు కూడా.

తెల్లవారుజామునే గేజీతో చూశాను (రాత్రి పక్కింటి వాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నాను). ముందు ఎడమ 32, ముందు కుడి 34, వెనక కుడి 32. వెనక ఎడమ టైరుకు గాలి కొట్టే నాజిల్ మూత రావడం లేదు, బిగుసుకుపోయింది. కటింగ్ ప్లేయర్ పెట్టి తిప్పనా?

టైర్ల షాపు, నరసన్నపేట
బుధవారం, ఉదయం 7:04

తిప్పకండి! ఆపేయండి. నాజిల్ విరిగిందంటే టైరు అక్కడికక్కడే కూర్చుంటుంది, సెన్సరు కూడా పోతుంది.

ఆ మూతలు ఏ రకం? నల్ల ప్లాస్టిక్‌వా, మెరిసే లోహానివా? నాజిల్ రబ్బరుదా, లోహానిదా, మొదట్లో నట్టు ఉందా? బండి ఎక్కువగా ఎక్కడ ఆగి ఉంటుంది?

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం
బుధవారం, ఉదయం 7:15

ఆపేశానండి. నాజిల్ లోహానిదే, మొదట్లో నట్టు ఉంది. మూతలు ఇత్తడివి, బండి కొన్నప్పుడు అందంగా ఉంటాయని సీటు కవర్లతో పాటు వేయించాను. నా ఉద్యోగం కళింగపట్నం వైపు. బండి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా సముద్రపు గాలిలోనే ఉంటుంది. దగ్గరగా చూస్తే మూత అంచు చుట్టూ తెల్లటి పొడి, తాంబూలం సున్నం ఎండిపోయినట్టు పెచ్చులుగా కట్టింది. గోటితో గీకితే రాలింది.

టైర్ల షాపు, నరసన్నపేట
బుధవారం, ఉదయం 7:40

దొరికింది. మన తీరంలో ఇది మామూలే, నాకు నెలకు ఒకటో రెండో వస్తాయి, కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు నుంచి.

సెన్సరు ఉన్న చక్రాలకు లోహపు నాజిళ్లు ఎక్కువగా అల్యూమినియంవి. దాని మీద ఇత్తడి మూత, మధ్యలో ఉప్పు తేమ. రెండు వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీళ్లు ఉంటే బ్యాటరీలో జరిగేదే అక్కడా జరుగుతుంది, అల్యూమినియం కరిగి తెల్లపొడి అయిపోతుంది. మూత అతుక్కుపోతుంది. లోపల గాలి ఆపే పిన్ను ఉంటుంది కదా, మామూలు ఇత్తడి పిన్ను వేసినా ఇదే రోగం. ఈ నాజిళ్లకు నికెల్ పూత వేసిన పిన్నులే వాడాలి. పంచర్ షాపుల్లో డబ్బాలో చేతికి దొరికిన పిన్ను వేసేస్తారు, తప్పు వాళ్లది కూడా కాదు, ఎవరూ చెప్పలేదు.

ఇంట్లో ఒక పని చేయండి. గిన్నెలో సబ్బు నీళ్లు కలిపి ఆ మూత చుట్టూ, నట్టు దగ్గర, రిమ్ము అంచు వెంబడి పోయండి. కదలకుండా రెండు నిమిషాలు చూడండి. ఆ తర్వాత ఏ బంకులోనూ దాన్ని కదిపించకుండా నెమ్మదిగా షాపుకు రండి.

మయూరి జంక్షన్, విజయనగరం
బుధవారం, ఉదయం 8:20

సబ్బు నీళ్లు ఎందుకండీ, నైట్రోజన్ పట్టిస్తే లీకు కాదంటారు కదా?

టైర్ల షాపు, నరసన్నపేట
బుధవారం, ఉదయం 8:31

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుందండి. రబ్బరు గుండా ఇంకిపోవడం కాస్త తగ్గుతుంది, తేమ ఉండదు, అంతవరకు మంచిదే. తినేసిన నాజిల్‌లోంచి నైట్రోజన్ కూడా పోతుంది. రెండూ కలిస్తే ప్రమాదమేమీ లేదు, అవసరమైతే మామూలు గాలి కొట్టించుకోండి.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం
బుధవారం, రాత్రి 8:05

సబ్బు నీళ్లు పోశాను. నట్టు దగ్గర ఏమీ లేదు. మూత అంచున ఆవగింజంత బుడగ ఒకటి పుట్టింది. నెమ్మదిగా శనగగింజంత అయింది, పగిలింది. అక్కడే మళ్లీ ఇంకోటి. పక్కన కూర్చుని మా అమ్మ కూడా చూసింది, "ఇంత చిన్నదానికేనా అంత డబ్బు అడిగారు" అంది.

రేపు ఉదయం నరసన్నపేట వస్తాను.

పలాస నుంచి
బుధవారం, రాత్రి 8:40

సెన్సరు లీకును ఇంత ఖచ్చితంగా పట్టుకుంటుంటే, నా బండిలో ఎందుకు తప్పు చెబుతోంది? మొన్న నాలుగు టైర్లూ కొత్తవి వేయించాను. అప్పటి నుంచి కారణం లేకుండా లైటు వస్తోంది. గాలి చూస్తే నాలుగూ సమానం.

కొండవాలు, శృంగవరపుకోట
బుధవారం, రాత్రి 9:10

పలాస గారూ, మీ బండి నాజిళ్లు మామూలు రబ్బరువే అయితే, సెట్టింగుల్లో టైరు గాలి రీసెట్ అని ఉంటే, మీది బహుశా రెండో రకం. అందులో చక్రంలో సెన్సరు ఉండదు. బ్రేకుల ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) కోసం ప్రతి చక్రం వేగాన్ని కొలిచే ఏర్పాటు ఉంటుంది, దాన్నే వాడుకుంటుంది. గాలి దిగిన టైరు చుట్టుకొలత కొంచెం తగ్గుతుంది, అదే దూరానికి మిగతావాటి కంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఆ తేడా పట్టి లైటు వేస్తుంది. కొత్త టైర్లు వేస్తే చుట్టుకొలతలే మారిపోతాయి, బండికి పాత లెక్కే గుర్తుంటుంది. అందుకే లైటు.

టైర్లు చల్లగా ఉన్నప్పుడు డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్నంత గాలి పెట్టి, అప్పుడు రీసెట్ నొక్కి కొంత దూరం నడపండి. గాలి చూడకుండా రీసెట్ నొక్కడం మాత్రం ఎప్పుడూ చేయకండి. 26 ఉన్నప్పుడు నొక్కితే 26 సరైనదని నేర్చుకుంటుంది. ఈ రకానికి ఇంకో లోటు ఉంది, నాలుగు టైర్లలోనూ గాలి ఒకే తీరుగా తగ్గుతూ పోతే సులువుగా గుర్తుపట్టలేదు. నెలకోసారి గేజీ తప్పదు.

పలాస నుంచి
బుధవారం, రాత్రి 9:18

అవును, రబ్బరు నాజిళ్లే. రీసెట్ ఉంది. మొన్న మధ్యాహ్నం ఎండలో టెక్కలి నుంచి వచ్చి, టైర్లు వేడిగా ఉండగానే నొక్కాను. రేపు ఉదయం మళ్లీ చేస్తాను.

అరకు ప్రయాణం, విజయనగరం
గురువారం, ఉదయం 7:30

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరేసరికి నా బండి స్క్రీనులో గాలి 30కి పడిపోయింది, అక్కడ షాపులో గేజీ పెడితే 32 చూపించింది. ఏది నమ్మాలి?

కొండవాలు, శృంగవరపుకోట
గురువారం, ఉదయం 8:00

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. మా ఊరి మీదుగానే అందరూ ఎక్కుతారు కాబట్టి తరచూ వింటాను. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అక్కడ బయటి గాలి ఒత్తిడి కింద కంటే దాదాపు ఒకటిన్నర పాయింటు తక్కువ. చేతి గేజీ లోపలి గాలికీ బయటి గాలికీ మధ్య తేడాను కొలుస్తుంది, కాబట్టి పైన ఆ మేరకు ఎక్కువ చూపిస్తుంది. చాలా సెన్సర్లు లోపలి మొత్తం ఒత్తిడిని కొలిచి, కింద సముద్రం దగ్గర ఉండే బయటి ఒత్తిడిని అందులోంచి తీసేసి చూపిస్తాయి. కొండ మీద ఉన్నామన్న సంగతి వాటికి తెలియదు. అరకు చలికి తగ్గింది మాత్రమే వాటిలో కనిపిస్తుంది. రెండూ అబద్ధం చెప్పడం లేదు. అక్కడ గాలి తీయించకండి, పెట్టించకండి. కిందికి దిగి, మర్నాడు ఉదయం ఇంటి దగ్గర చూసుకోండి.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం
గురువారం, రాత్రి 7:45

ఇవాళ అయిపోయింది. వివరంగా రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

మొదట షాపులో చిన్న టార్చిలైటంత పరికరం తెచ్చి ఒక్కో నాజిల్ దగ్గర పెట్టారు. నిద్రలో ఉన్న సెన్సరును అది లేపి, దాని నంబరు, గాలి, లోపలి వేడి, బ్యాటరీ స్థితి చదువుతుందట. బండి నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీ మిగిల్చుకోవడానికి సెన్సర్లు దాదాపు నిద్రపోతాయని, బండి కదిలాకే వరసగా పంపిస్తాయని చెప్పారు. ముందు ఎడమ పలికింది. వెనక కుడి పలికింది. వెనక ఎడమ కూడా పలికింది, 26 అని! బ్యాటరీ మూడింటిలోనూ బాగానే ఉంది. ముందు కుడి మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

ఆ టైరు విప్పారు. విప్పే పద్ధతి దగ్గరుండి చూశాను. రిమ్ము నుంచి టైరు అంచు ఊడదీసే మిషను పలకను నాజిల్‌కు సరిగ్గా ఎదురు వైపు పెట్టారు. నాజిల్ దగ్గర లీవరు పడనివ్వలేదు. లోపల సెన్సరు అగ్గిపెట్టెంత నల్లటి ప్లాస్టిక్ ముక్క, రిమ్ము గుంటలో కూర్చుని ఉంది. దాని వీపు మీద అడ్డంగా లీవరు నొక్కు, అక్కడి నుంచి పగులు. ఆదివారం రోడ్డు పక్కన జరిగింది అదే. ఆ కుర్రాడికి అది ఏమిటో తెలియదు, నేనూ ముందుగా చెప్పలేదు. ఇప్పటి నుంచి పంచర్ వేయించే ముందు "లోపల సెన్సరు ఉంది, నాజిల్ వైపు లీవరు పెట్టొద్దు" అని నోటితో చెప్తాను.

కొత్త సెన్సరు వేశాక దాని నంబరు బండికి నేర్పాలి. నా బండికి ఆ పని కంప్యూటరు వైరు పెట్టి చేశారు, కొన్ని బళ్లు కాసేపు నడిపితే వాటంతట అవే నేర్చుకుంటాయట.

వెనక ఎడమది చూస్తుంటే బాధేసింది. తుప్పు వదిలే నూనె వేసి అరగంట ఉంచినా మూత ముక్కలుగానే వచ్చింది. లోపల మరలు సగం పొడైపోయాయి. అదృష్టం కొద్దీ నా బండిలో సెన్సరు వేరు, నాజిల్ వేరు, మధ్యలో స్క్రూతో బిగించి ఉంటాయి. సెన్సరు అదే ఉంచి నాజిల్ కొత్తది వేశారు. నాలుగింటికీ నికెల్ పిన్నులు, రబ్బరు వాషర్లు, నల్ల ప్లాస్టిక్ మూతలు. మొత్తం 5 వేల లోపే అయింది. 18 వేలు అన్న చోట ఆ పరికరం పెట్టి చూసి ఉంటే రెండు నిమిషాల్లో తెలిసేది.

ఇత్తడి మూతలు నాలుగూ అక్కడే వదిలేశాను.

సాలూరు లారీ
గురువారం, రాత్రి 8:10

శభాష్ బాబూ. అమ్మగారిని జాగ్రత్తగా తీసుకెళ్లు. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను ఉంటే స్టిక్కరు మీద నిండు బరువుకు వేరే అంకె ఉంటుంది, అది చూసి వెనక టైర్లకు పెట్టించు. స్టెప్నీ కూడా చూసుకో, దాని సంగతి ఎవరికీ గుర్తుండదు.

గంటస్తంభం, విజయనగరం
గురువారం, రాత్రి 8:25

స్టెప్నీ అంటే గుర్తొచ్చింది. చాలా బళ్లలో స్టెప్నీకి సెన్సరు ఉండదు. అది వేసుకుని నడిపితే లైటు మిణుకుతుంది, కంగారు పడక్కర్లేదు, పాత చక్రం వేశాక పోతుంది. 2020లో మన దేశంలో నిబంధన మార్చారు: ట్యూబ్‌లెస్ టైర్లు, పంచరు కిట్టు, ఈ టైరు గాలి చెప్పే ఏర్పాటు ఉంటే కారుకు స్టెప్నీ ఇవ్వకపోయినా చెల్లుతుంది. అలాంటి బండి కొంటే ఈ లైటు మీదే మొత్తం ఆధారం. చలి అని తేల్చేసింది నేనే, కొండవాలు గారి లెక్క చూశాక మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మయూరి జంక్షన్, విజయనగరం
గురువారం, రాత్రి 8:50

ఆ పంచరు కిట్టులోని జిగురు ద్రవం సెన్సరుకు మంచిదేనా?

టైర్ల షాపు, నరసన్నపేట
గురువారం, రాత్రి 9:05

దారిలో చిక్కుకుంటే వాడండి, మనిషి క్షేమం ముందు. కానీ ఆ ద్రవం సెన్సరు గాలి పీల్చే రంధ్రాన్ని పూడ్చేయవచ్చు. వాడిన తర్వాత వీలైనంత త్వరగా టైరు విప్పించి, లోపల కడిగించి, సెన్సరు తుడిపించండి. పంచరు వేసేవాళ్లకు ద్రవం వాడామని ముందే చెప్పండి.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం
శుక్రవారం, రాత్రి 9:30

వెళ్లి వచ్చాం. లైటు ఒక్కసారి కూడా రాలేదు. ఆస్పత్రిలో ఇంకో ఆరు నెలల దాకా రానక్కర్లేదన్నారు. కొండవాలు గారికి, నరసన్నపేట షాపు వారికి, సాలూరు అన్నగారికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం
రెండు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 6:15

ఇప్పుడే చూశాను, బండి ఇంకా తీయలేదు. 33, 33, 33, 32.

బారువ తీరం
అదే రోజు, ఉదయం 10:40

మొత్తం ఇప్పుడే చదివి కిందికి వెళ్లి చూశాను. నా బండికి కూడా మెరిసే మూతలే. మూడు వచ్చాయి. ముందు ఎడమది కదలడం లేదు, అంచున తెల్లపొడి ఉంది. గాలి మాత్రం దిగినట్టు లేదు.

టైర్ల షాపు, నరసన్నపేట
అదే రోజు, ఉదయం 10:52

ఆ ఒక్కటీ ముట్టుకోకండి. వచ్చిన మూడింటికీ ప్లాస్టిక్ మూతలు పెట్టండి. రేపు బండి తీసుకురండి, దారిలో ఎక్కడా దానికి గాలి కొట్టించకండి.

బారువ తీరం
అదే రోజు, ఉదయం 10:55

తొమ్మిదింటికి వస్తానండి.